జోలెలో ఉన్నది ఎవరి హక్కు?

నడకకు కూడా పుట్టుక చూస్తారు. మా పాలమూరు మనిషి నడిస్తే దాని పేరు వలస. నెత్తిన మూట, చంకన పసిబిడ్డ, భుజాన గడ్డపార. ఆనకట్టలు కట్టడానికీ, కాలువలు తవ్వడానికీ, పట్నంలో మేడలు లేపడానికీ తరతరాలుగా పోతున్న ఆ కాళ్ళు ఎంత దూరం నడిచాయో ఏ రికార్డులోనూ లేదు. ఫకీరు నడిస్తే దాని పేరు అడుక్కోవడం. చేతిలో నెమలీకల కట్ట, సాంబ్రాణి పొగ, భుజాన జోలె. ఇంటి ముందు నిలబడి పిల్లల నెత్తిన ఈకలు తాకించి, దువా చేసి, గుప్పెడు బియ్యం వేయించుకొని పోతాడు. అదే దారిలో పెద్దమనిషి నడిస్తే దాని పేరు పాదయాత్ర. హారతులు పడతారు, కాళ్ళు కడుగుతారు, ఆ నడకను చరిత్రలో రాస్తారు.

దారి ఒకటే. బురద ఒకటే. అరికాలిలో దిగే తుమ్మముల్లు ఒకటే. పేరు మాత్రం నడిచేవాడిని బట్టి మారుతుంది.

సాయం కూడగట్టడానికి నడిచే నడక ఇంకో రకం. ఈ రోజుల్లో నగరాల్లో ఇవి ఎక్కువే. ఒకే రంగు బనియన్లు వేసుకొని పొద్దున్నే నడిచి, ఏదో మంచిపనికి డబ్బు పోగుచేసి, ఎండ ముదరకముందే ఇళ్ళకు చేరతారు. మంచిదే. కాని ఊళ్ళ మీదుగా రోజుల తరబడి జోలె పట్టుకొని నడిచేవాడి సంగతి వేరు. అతడు ఒక గడప దగ్గర అడిగేవాడు, ఇంకో గడప దగ్గర ఇచ్చేవాడు. రెండు గడపల మధ్య అతడు ఎవరు? ఆ మనిషి ముస్లిం అయితే ఈ ప్రశ్న ఇంకెట్లా మారుతుంది? మాకు ఈ ప్రశ్న పుస్తకాల్లో తగల్లేదు. కొల్లాపూర్ దారిలో, ముసురులో తగిలింది.

2009 అక్టోబర్ 2న కృష్ణ పొంగింది. కర్నూలు నగరం మునిగింది. ఆలంపూర్ మునిగింది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ వరదకు నీళ్ళు 896 అడుగులు దాటాయి. వెనక్కి ఎగదన్నిన నీళ్ళు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో నది ఒడ్డు ఊళ్ళను ముంచెత్తాయి. కొల్లాపూర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అప్పుడు మహబూబ్‌నగరే. రంజాన్ పండుగై రెండు వారాలు తిరగలేదు. ఫిత్రా ఇచ్చిన చేతులు ఇంకా ఆరలేదు. ఎవరికి తోచింది వాళ్ళు చేస్తున్న రోజులు. మేమొక చిన్న గుంపుగా నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్ దాకా ఊరూరా అడుగుతూ నడిచాం. మాలో ఒక దర్జీ, ఒక మెకానిక్కు, ఒక పంతులు, డిగ్రీ చదివే పిల్లలిద్దరు, అప్పుడప్పుడు కవిత్వం రాసేవాళ్ళం కొందరం. మాతో ఒక ముసలి ఫకీరు కూడా వచ్చాడు. అందరం ఆయన్ను చాచా అనేవాళ్ళం. అడగడం వృత్తిగా తెలిసినవాడు మా అందరిలో ఆయనొక్కడే.

ఆ నడకలో చివరి రోజు మాట ఇది. పొద్దున పెద్దకొత్తపల్లి దాటేసరికే ముసురు పట్టింది. వాన గట్టిగా కురిసి వెలిస్తే బాగుండును. ముసురు అట్లా కాదు. కురవదు, ఆగదు. పత్తికాయలు తడిసి నల్లబడుతున్నాయి. రేగడి నేల వచ్చినచోట చెప్పులకు సేరు సేరు మట్టి అంటుకుంటే చెప్పులు చేతిలో పట్టుకొని నడిచాం. వెనక ట్రాలీ ఆటోలో జొన్నలు, బియ్యం, పాత దుప్పట్లు. పైన పట్టా కప్పి ఉన్నా, తడి తగులుతుందేమోనని మా దర్జీ భాయి పది అడుగులకోసారి వెనక్కి చూసేవాడు.

చాచా పిల్లలకు అడగడం నేర్పాడు. గడపకు ఎదురుగా నిలబడొద్దు, ఒక పక్కకు నిలబడు. రెండుసార్లు అడగొద్దు. చేటలో ఎంత ఉందో చూడొద్దు. లేదంటే కూడా దువా చెయ్యి. "మాంగ్‌నా భీ అదబ్ సే మాంగ్‌నా, బేటే" అనేవాడు. అడుక్కోవడానికీ ఒక మర్యాద ఉంటుందని డిగ్రీ పిల్లలకు ఏ క్లాసులోనూ చెప్పి ఉండరు.

ఒక ఊళ్ళో ముసలమ్మ గొంగడి కప్పుకొని అరుగు మీద కూచుంది. "యాడికి వోతున్రు బిడ్డా, ఇంత వానల?" అనడిగింది. "వరదొచ్చిన ఊర్లకవ్వా" అన్నాం. లోపలికి పోయి సోలెడు జొన్నలు తెచ్చి జోలెలో పోసింది. "పాపం, పిల్లజెల్లలు ఎట్లున్నరో" అంది. అంతే. ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని అడగలేదు. నీళ్ళు వచ్చాయంటే ఆమెకు సరిపోయింది.

తర్వాతి ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర ఆగాం. అక్కడ నలుగురు కూచొని ఉన్నారు. ఒకాయన మమ్మల్ని, చాచా గడ్డాన్ని, టోపీని చూశాడు. "ఎవ్వరికి పంచుతరు ఇవన్ని? మీవోళ్ళకేనా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. మామూలుగా, ధర అడిగినట్టు అడిగాడు. మా పంతులు "నీళ్ళు ఎవ్వరిండ్లల్లకు వచ్చినయో వాళ్ళకన్నా" అన్నాడు. ఆయన తల ఊపి యాభై రూపాయలు ఇచ్చాడు. "లెక్క రాసుకోండ్రి" అన్నాడు. రాసుకున్నాం.

ఆయన చెడ్డవాడేమీ కాదు. యాభై రూపాయలు ఇచ్చినవాడు చెడ్డవాడెట్లా అవుతాడు? అయినా ఆ ఒక్క మాట కొల్లాపూర్ దాకా మా వెంట నడిచింది. దాన్ని విప్పి చూడాలి.

గుడి తరఫున అన్నదానానికి చందా అడిగితే "మీవాళ్ళకేనా" అని ఎవరూ అడగరు. రైస్‌మిల్లు యజమాని వంద బస్తాలు పంపితే అడగరు. ముస్లిం జోలె పడితే మాత్రం అడుగుతారు. అంటే మేం ఇచ్చేది ముందే మతం అయిపోయింది, బియ్యం కావడం తర్వాత. ఇక మేం పుచ్చుకునే చోట చూడండి. 2007లో మన రాష్ట్రంలో ముస్లింలలో వెనకబడిన 14 సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. సాచార్ కమిటీ ముస్లింల చదువు, ఉద్యోగాలు, ఆదాయం ఎంత వెనకబడి ఉన్నాయో 2006లో లెక్కలతో సహా పార్లమెంటు ముందు పెట్టిన తర్వాతి సంగతి ఇది. ఆ 14లో ఫకీర్లు ఒకరు. మా చాచా మనవలు ఆ 4 శాతంలోకి వస్తారు. దానికి దేశం పెట్టిన పేరు బుజ్జగింపు. వెనకబాటు చూసి ఇంకొకరికి ఇస్తే సామాజిక న్యాయం, మాకు ఇస్తే బుజ్జగింపు. ఇస్తే అనుమానం, పుచ్చుకుంటే అసూయ. ఇక మాకు మిగిలిన జాగా ఎక్కడ?

ఆ అనుమానానికి ఎదురుగా నిలబడినప్పుడు మనసులో ఒక ఆశ పుడుతుంది. మనం హిందువులకు కూడా పంచుతున్నామని గట్టిగా చెప్పాలని, ఫొటో తీయించుకోవాలని, పేపర్లో రావాలని. చూడండి, మేం మంచి ముస్లింలం అని. ఈ ఆశ సహజమే. కాని దీని లోపల ఏముందో చూడాలి. మంచితనం నిరూపించుకోవడానికి ఇచ్చే బియ్యం సాయం అనిపించుకోదు, లంచం అవుతుంది. దేశభక్తి సర్టిఫికెట్‌కు కట్టే ఫీజు అవుతుంది. ఆకలిగొన్న మనిషిని మన అమాయకత్వానికి సాక్షిగా నిలబెట్టడం అతనికి చేసే అన్యాయం. వరదలో ఇల్లు పోగొట్టుకున్నవాడి మీద, మమ్మల్ని నిర్దోషులుగా తేల్చే బాధ్యత కూడా ఎందుకు పెట్టాలి?

మధ్యాహ్నానికి సింగోటం చేరాం. చెరువు నిండి అలుగు పారుతోంది. ముసురు వానయింది. ఒక ఇంటి పంచలోకి ఎక్కితే ఆ ఇంటివాళ్ళు లోపలికి పిలిచి జొన్నరొట్టె, తొక్కు, చల్ల పెట్టారు. సాయం చెయ్యబోతున్నవాళ్ళం, సాయం పొందుతున్నాం. డిగ్రీ పిల్లవాడొకడు రొట్టె పట్టుకొని తటపటాయించాడు. "వీళ్ళ దగ్గర అడిగేది బాధితుల కోసం కదా, మనం తినొచ్చా?" అన్నాడు. చాచా నవ్వి, "ముసాఫిర్ హై తూ. ఖా లే" అన్నాడు.

ఆ మాటలో మా ధర్మశాస్త్రం అంతా ఉంది. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది రకాల మనుషులను చెప్పింది. నిరుపేదలు, అక్కర ఉన్నవాళ్ళు, అప్పులపాలైనవాళ్ళు, దాస్యంలో ఉన్నవాళ్ళు ఆ వరసలో ఉన్నారు. చివర్లో దారిన పోయే బాటసారి ఉన్నాడు. సొంత ఊళ్ళో అతడు కలవాడే కావచ్చు. దారిలో ఉన్నంతసేపు అతడు పుచ్చుకునే వరసలో నిలబడతాడు. అంటే నడవడం మొదలుపెట్టిన రోజే మనిషి ఇచ్చేవాళ్ళ అరుగు దిగుతాడు. కారులో పోయి బస్తాలు దింపివచ్చేవాడికి ఈ సంగతి తెలియదు. ముసురులో నడిచినవాడికి తెలుస్తుంది. దానం కోసం నడిచే నడకకు ఏదైనా విలువ ఉంటే అది పోగైన బస్తాలలో లేదు. పోగుచేసేవాడు అడిగేవాడి స్థానంలో ఒక్క పూటైనా నిలబడటంలో ఉంది.

ఇంకో మాట కూడా అక్కడే గుర్తుచేసుకోవాలి. కలిగినవాడి సంపదలో అడిగేవాడికీ, అడగలేక ఊరుకున్నవాడికీ ఉన్నది వాటా అని ఖురాన్ అంటుంది. దానికి వాడిన మాట హక్. అదే మాట తెలుగులో హక్కు అయింది. కోర్టుల్లో, పట్టాల్లో, ధర్నాల్లో రోజూ వాడే మాట. జకాత్ ఇచ్చేవాడు తన సొమ్ము ఇవ్వడం లేదు. తన దగ్గర ఉండిపోయిన ఎదుటివాడి సొమ్మును, నలభయ్యో వంతును, వాపసు చేస్తున్నాడు. వాపసు చేసేవాడికి దండలెందుకు? ఇచ్చి ఎత్తిపొడిచే దానం కన్నా ఒక మంచి మాట మేలని కూడా ఆ గ్రంథమే చెప్తుంది.

మరి మాలో జరుగుతున్నదేమిటి? ఇది బయటివాళ్ళకు మాత్రమే చెప్పే ముచ్చట కాదు. రంజాన్‌లో షాదీఖానాల ముందు బుర్ఖాల వరుసలు చూడండి. ఒక్కో సంచి ఇస్తూ ఇచ్చేవాడు కెమెరా వైపు చూస్తాడు, పుచ్చుకునే ఆడమనిషి ముఖం దాచుకుంటుంది. హక్కు వసూలు చేసుకునేవాళ్ళు ముఖం దాచుకుంటారా? ఖాందాన్ల లెక్కలు చెప్పుకునే మా పెద్దిళ్ళు ఫకీరును ఎక్కడ నిలబెడతాయి? మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం. పెళ్ళి సంబంధం దగ్గర ఫకీరు, దూదేకుల, మెహతర్ వేరయిపోతారు. ఫకీరు దువా కావాలి, ఫకీరు పిల్ల కోడలుగా వద్దు. హిందువుల గడప ముందు మమ్మల్ని ఎక్కడ నిలబెడుతున్నారని అడిగే ముందు మా గడప ముందు మేం ఎవర్ని నిలబెట్టామో కూడా అడగాలి. రెండూ ఒకే ప్రశ్న.

సాయంత్రానికి మామిడితోటలు దాటి కొల్లాపూర్ చేరాం. నది ఒడ్డు నుంచి వచ్చి ఒక బడిలో తలదాచుకున్నవాళ్ళకు తెచ్చినవి అప్పగించాం. అన్ని కులాలవాళ్ళు ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పంచడం అయ్యాక ఒక పెద్దాయన మా దగ్గర కూచున్నాడు. బీడీ వెలిగించుకొని నెమ్మదిగా అన్నాడు. "బియ్యం తెచ్చిన్రు, సంతోషం. తింటం. కాని మాది బిచ్చపు బతుకు అనుకోకుండ్రి తమ్మీ. మా భూమి ఆ నీళ్ళ కింద ఉన్నది. ఆ నీళ్ళతోటే మీ ఇండ్లల్ల బల్బులు వెలుగుతున్నయి. మాకు రావాల్సినయి మేం అడుగుతనే ఉన్నం."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి పడింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు దాని కింద పోయాయి. 1981లో ఇళ్ళు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. ఊళ్ళతోపాటు గుళ్ళూ, మసీదులూ, పీర్ల చావిళ్ళూ, గోరీలూ నీళ్ళకిందికి పోయాయి. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల కరెంటు కేంద్రాలు వచ్చాయి. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామని 1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది. ఆ జీవో కాగితం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు జుట్టు తెల్లబడింది. కొల్లాపూర్ ప్రాంతంలో '98 జీవో' అంటే చదువురాని మనిషికి కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు బడిలో ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? ఆ పెద్దాయన ఇచ్చిన భూమి ఎక్కడ, మేం పట్టుకుపోయిన సోలెడు జొన్నలు ఎక్కడ? రాష్ట్రానికి వెలుగిచ్చినవాడు వరద వచ్చేసరికి నిరాశ్రయుడయ్యాడు, దయ చూపించాల్సిన మనిషయ్యాడు. బాకీ ఉన్నవాడు దాతగా మారాడు.

ఇది కొల్లాపూర్‌లో కొత్తగా జరిగింది కాదు. దానం కోసం నడిచిన నడకల్లో దేశమంతా తెలిసినది మన పక్క జిల్లాలోనే మొదలైంది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు దళితవాడ జనం 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అట్లా భూదానం పుట్టింది. వినోబా ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎండల్లో, వానల్లో దేశమంతా నడిచాడు. ఆయన మనసు మీద మాకు అనుమానం లేదు. 1948లో మేవాత్‌లో చెదిరిపోయిన మేవ్ ముస్లింలను నిలబెట్టడానికి పనిచేసినవాడు, ఖురాన్ చదవడం కోసం అరబ్బీ నేర్చుకున్నవాడు. మా అనుమానమంతా ఆ మాట మీద. దానం అన్న మాట మీద.

పోచంపల్లికి ముందు ఆ జిల్లాలో ఏం జరిగింది? దున్నేవాడికి భూమి అని జనం తుపాకులు పట్టారు. దొరల భూములు పంచుకున్నారు. పోలీస్ యాక్షన్ తర్వాత దొరలు తిరిగివచ్చారు, భూములు చేతులు మారాయి. హక్కుగా తీసుకున్న భూమిని గుంజుకొని, అదే రకం జనానికి దానంగా కొంత ఇచ్చారు. దేశం మొత్తం మీద 5 కోట్ల ఎకరాలు లక్ష్యం పెట్టుకుంటే 40 లక్షలకు పైగా ఎకరాలు దానంగా వచ్చాయి. అందులో రాళ్ళూ గుట్టలూ ఎన్నో, పంచకుండానే మిగిలిపోయినవి ఎన్నో. తన దయ మీద ఆధారపడిన దానాన్ని ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలడు, చెత్తభూమి అంటగట్టగలడు. పుచ్చుకున్నవాడు నోరెత్తితే విశ్వాసం లేనివాడవుతాడు.

వినోబా రావడానికి పదకొండేళ్ళ ముందు, అదే నల్గొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు ఉండేవాడు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టు మెట్లెక్కాడు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు, ఎవరి జాలీ అడగలేదు. కాగితాలు పట్టుకొని నడిచాడు. 1940లో అతన్ని చంపేశారు. 'మాభూమి' నాటకంలో అతని కథ తర్వాత ఊరూరా తిరిగింది. బందగీ అంటే దేవుడి ముందు వంగడం. ఆ పేరు పెట్టుకున్నవాడు దొర ముందు వంగలేదు. అతని కోర్టు దారి నడకకు ఎవరూ పాదయాత్ర అని పేరు పెట్టలేదు. మాకు మాత్రం ఈ తెలంగాణ నేల మీద జరిగిన నడకల్లో అదే పెద్దది. మేం ఈ గడ్డకు పరాయివాళ్ళమా అని అడిగేవాళ్ళకు అతని గోరీ ఈ మట్టిలోనే ఉందని చెప్పాలి.

అయితే జోలె పట్టొద్దా? హక్కులు వచ్చేదాకా జొన్నలు పోయొద్దా? అట్లా అనడం కడుపు నిండినవాళ్ళ వాదం. బడిలో ఉన్న పసివాడికి ఆ రాత్రి అన్నం కావాలి, జీవో అమలు కాదు. గొంగడి కప్పుకున్న అవ్వ సిద్ధాంతం కోసం ఆగి ఉంటే సోలెడు జొన్నలు కూడా వచ్చేవి కావు. వరద వస్తే మళ్ళీ నడవాల్సిందే. ముసురైనా, ఎండైనా.

కాని నడిచేటప్పుడు రెండు విషయాలు తెలిసి నడవాలి. ఒకటి, ఇచ్చేది ఎదుటివాడి బాకీలో చిల్లర మాత్రమే. అసలు బాకీ అట్లాగే ఉంది, దాన్ని అడిగే గొంతుల్లో మన గొంతూ కలవాలి. బియ్యం ఇచ్చి వచ్చి 98 జీవో ధర్నా పక్కనుంచి తల దించుకొని పోయేవాడి దానం అరకొర దానం. రెండు, ఇచ్చినందుకు ఏమీ అడగకూడదు. కృతజ్ఞత అడగకూడదు, ఓటు అడగకూడదు, మతం అడగకూడదు. ముస్లింలమైన మేం ఇంకొకటి కూడా అడగకూడదు. మేం ఈ దేశం వాళ్ళమేనని మాకు వాళ్ళ నోటితో చెప్పించుకోవాలని చూడకూడదు. అది మాకు ఎవరో దానంగా ఇస్తే వచ్చింది కాదు. ఎవరో అనుమానిస్తే పోయేదీ కాదు.

హోటల్ దగ్గర ఆ అన్న లెక్క రాసుకోమన్నాడు. మంచి మాట. అందరం రాసుకుందాం. ఆయనిచ్చిన యాభై రూపాయలు రాద్దాం, అవ్వ ఇచ్చిన సోలెడు జొన్నలు రాద్దాం, సింగోటం రొట్టెలు రాద్దాం. నీళ్ళకింద ఉన్న భూములు, చేతులు మారిన పట్టాలు, వలసపోయిన కాళ్ళు, ఫకీరు నిలబడిన గడపలు కూడా అదే పుస్తకంలో రాద్దాం. అప్పుడు చూద్దాం, ఎవరు ఎవరికి బాకీనో.